గాడ్జిల్లా ఎందుకు బరువుగా అనిపించింది, సూపర్‌హీరోలు ఎందుకు తేలిపోయారు: ఒక కంపోజిటర్ జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఈమధ్య వచ్చిన సూపర్‌హీరో సినిమాలు, గాడ్జిల్లా సినిమాలు వరుసపెట్టి చూశారు. వందల మిలియన్ల డాలర్లు పోసి తీసిన వాటిలో చాలావరకు చూస్తున్నంతసేపూ ఏమీ అనిపించలేదు. జపాన్ సినిమా ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చూసినప్పుడు మాత్రం సీట్లోంచి కదల్లేకపోయారు. ఇది మీ ఒక్కరికే అనిపిస్తోందా, సూపర్‌హీరో సినిమాల పని అయిపోయినట్టేనా, పదేళ్ల పాపతో కలిసి చూడాలంటే ఏవి చూడాలి అన్నారు.

కథల్లో మలుపులు, ముగింపులు దాచకుండా రాస్తున్నాను. మైనస్ వన్, 2025లో వచ్చిన సూపర్‌మ్యాన్, ఫెంటాస్టిక్ ఫోర్, థండర్‌బోల్ట్స్ ఇంకా చూడనివాళ్లు అవి చూశాక ఇటు రండి.

నేను విజువల్ ఎఫెక్ట్స్‌లో కంపోజిటర్‌ని. కెమెరాతో తీసినదాన్నీ కంప్యూటర్‌లో తయారైనదాన్నీ ఒకే ఫ్రేములో కలిపి, రెండూ ఒకే చోట, ఒకే వెలుతురులో ఉన్నట్టు కుదర్చడం నా పని. అంతకంటే ముందు నుంచీ రాక్షస మృగాల సినిమాలంటే నాకు ప్రాణం. కాబట్టి పనివాడిగా చూసిందీ, అభిమానిగా తోచిందీ రెండూ కలిపే చెబుతాను.

మీకు అనిపించింది నిజమే. నా ఉద్దేశంలో దీనికి కారణం సమయం. పెద్ద వస్తువు కదలడానికి సమయం పడుతుంది. పెద్ద నష్టం మనసుకు ఎక్కడానికీ సమయం పడుతుంది. ఈ రెండు సమయాలూ ఇచ్చిన సినిమా బరువుగా ఉంటుంది. ఇవ్వకుండా పరుగెత్తిన సినిమా, తెరమీద ఎన్ని నగరాలు కూలినా తేలిపోతుంది.

ముందు కదలిక సంగతి చూద్దాం. రెండు మీటర్ల ఎత్తు నుంచి రాయి వదిలితే నేలకు చేరడానికి 0.64 సెకను పడుతుంది. 50 మీటర్ల నుంచి వదిలితే 3.2 సెకన్లు, 100 మీటర్ల నుంచి 4.5 సెకన్లు. ఈ అంకెలు మనకు నోటికి రాకపోవచ్చు కానీ కంటికి బాగా తెలుసు. పుట్టినప్పటి నుంచి పడే వస్తువులను చూస్తూనే ఉన్నాం కదా. యాభై మీటర్ల మృగం ఎత్తిన కాలు అర సెకనులో నేలను తాకిందనుకోండి, ఇది మనిషంత జీవే అని కన్ను తేల్చేస్తుంది. చర్మం మీద ప్రతి ముడతనూ ఎంత శ్రద్ధగా చెక్కినా ఆ తీర్పు మారదు.

1954లో ఇషిరో హోండా తీసిన మొదటి గాడ్జిల్లాకు ఎఫెక్ట్స్ చేసిన ఎయిజి సుబురాయాకు ఈ సంగతి తెలుసు. టోక్యోను 1/25 స్కేలులో బొమ్మ నగరంగా కట్టించి, హారువో నకాజిమా అనే నటుడికి వంద కిలోలకు దగ్గరగా తూగే రబ్బరు సూటు తొడిగి, కెమెరాను మామూలు కంటే వేగంగా నడిపి తీశారు. అలా తీసిన ఫిల్మును మామూలు వేగంతో ప్రదర్శిస్తే కదలిక నెమ్మదిస్తుంది. కొలతలు 25 రెట్లు చిన్నవైతే కాలం దాని వర్గమూలం మేరకు, అంటే 5 రెట్లు సాగాలి. సెకనుకు 24 ఫ్రేముల చోట 120 ఫ్రేములన్నమాట. ఇది పుస్తకం లెక్క. సెట్లో వెలుతురునూ కెమెరానూ బట్టి సర్దుకోవాల్సి వస్తుంది. సూటు బరువు కూడా అక్కడ మేలే చేసింది. అంత బరువు మోస్తూ ఎవరూ చకచకా నడవలేరు. ఆ ఆయాసమే తెరమీద గాంభీర్యంగా కనిపించింది.

కంప్యూటర్ వచ్చాక ఆ అడ్డు పోయింది. డిజిటల్ మృగానికి ఆయాసం లేదు. దాన్ని ఎంత వేగంగానైనా పరుగెత్తించవచ్చు. నెమ్మదిగా నడిపించాలంటే ఎవరో ఒకరు పట్టుబట్టి నిలబడాలి. గియెర్మో డెల్ టోరో 2013లో తీసిన ‘పసిఫిక్ రిమ్’లో ఆ పట్టుదల కనిపిస్తుంది. రాత్రి, వాన, సముద్రం. రోబో చెయ్యి వెనక్కి లాగి గుద్దేలోపు మనకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఒకచోట రోబో పిడికిలి ఆఫీసు భవనంలోకి దూసుకొచ్చి, లోపలున్న బల్లలన్నిటినీ తోసుకుంటూ వెళ్లి, ఒక టేబుల్ మీదున్న స్టీలు గుండ్ల ఆటవస్తువును చిన్నగా తాకి ఆగిపోతుంది. గుండ్లు టక్ టక్‌మని ఊగుతాయి. ఆ ఒక్క షాట్‌తో పిడికిలి ఎంత పెద్దదో అర్థమైపోతుంది. 2018లో వచ్చిన రెండో భాగంలో పట్టపగలు రోబోలు గంతులేస్తూ కొట్టుకుంటాయి. బొమ్మలు బాగానే ఉన్నాయి, బరువు లేదు.

మా పనిలో ఇంకో చిక్కు ఉంది. దూరం పెరిగేకొద్దీ గాలిలోని తేమ, ధూళి వల్ల వస్తువు పలచబడి కనిపిస్తుంది. కాబట్టి నిజంగా వంద మీటర్ల జీవి ఎదుట నిలబడితే దాని పాదాలు ముదురుగా, తల కాస్త మసకగా కనిపించాలి. మేం అలాగే కుదురుస్తాం. తర్వాత పైనుంచి ‘మొహం సరిగ్గా కనబడటం లేదు’ అని నోట్ వస్తుంది. మసక తగ్గిస్తాం. మొహం తేటగా వస్తుంది, మృగం సగానికి సగం చిన్నదైపోతుంది. ఇది ఎవరి చెడ్డతనమూ కాదు. మొహం మీద కష్టపడినవాళ్లకు అది కనబడాలని ఉంటుంది. కానీ మైనస్ వన్‌లో, గారెత్ ఎడ్వర్డ్స్ 2014లో తీసిన గాడ్జిల్లాలో ఆ మసకను ఉండనిచ్చారు. 2014 సినిమాలో సైనికులు కాళ్లకు ఎర్రటి పొగ వదిలే గొట్టాలు కట్టుకుని మేఘాల్లోంచి శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి దూకే దృశ్యం గుర్తుందా? గాడ్జిల్లా ఒళ్లు పొగలో ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. మొత్తం ఒక్కసారి చూపించరు. వెనక లిగెటి అనే స్వరకర్త సంగీతం. ఆ దృశ్యం నేను ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

పక్కన ఏముందన్నది కూడా అంతే ముఖ్యం. దీనికి మార్వెల్‌లోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. 2016లో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’లో యాంట్‌మ్యాన్ లైప్‌జిగ్ విమానాశ్రయంలో రాక్షసుడంత పెరుగుతాడు. చుట్టూ విమానాలు, మెట్ల బండ్లు, కాంక్రీటు. వాటన్నిటి సైజూ మనకు తెలుసు. స్పైడర్‌మ్యాన్ కాళ్లకు సాలెదారం చుట్టేశాక అతను వెనక్కి పడతాడు చూడండి, ఎంత నిదానంగా పడతాడో. థియేటర్లో ఈలలు మోగిన సీన్ అది. అదే పాత్ర 2023లో ‘క్వాంటమేనియా’లో అంతకంటే ఎన్నో రెట్లు పెరిగి కాంగ్ అనే విలన్ కోట మీదికి వస్తే ఏమీ అనిపించలేదు. ఆ లోకంలో ప్రతిదీ కల్పించిందే. భవనం ఎంతుందో తెలియదు, జనం ఎంతున్నారో తెలియదు. అక్కడ పోల్చుకోవడానికి కంటికి ఆధారమే దొరకదు.

ఒకే సంఘటనను రెండు విధాలుగా చూపించిన ఉదాహరణ కూడా ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చివర్లో మెట్రోపొలిస్ నేలమట్టమవుతుంది. కెమెరా ఆకాశంలో సూపర్‌మ్యాన్, విలన్ జాడ్‌ల వెంట తిరుగుతూ ఉంటుంది. భవనాలు కూలుతూనే ఉంటాయి, కొంతసేపటికి మనకు పట్టదు. అదే దర్శకుడు జాక్ స్నైడర్ 2016లో ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ మొదట్లో అదే విధ్వంసాన్ని బ్రూస్ వేన్ కళ్లతో, వీధిలోంచి చూపించాడు. బ్రూస్ కారు దిగి, అందరూ బయటికి పారిపోతుంటే తను ధూళిలోకి పరుగెడతాడు. కాళ్లు చితికిపోయిన ఉద్యోగి, ఒంటరిగా నిలబడ్డ చిన్నపిల్ల. ఆ సినిమాలో మిగతా భాగం మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి కానీ, ఆ మొదటి నిమిషాలు సూపర్‌హీరో సినిమాల్లో వచ్చిన మంచి విధ్వంస దృశ్యాల్లో ఒకటని గట్టిగా చెబుతాను. మూడేళ్ల క్రితం పైనుంచి చూసి విసుగొచ్చిన సంఘటనే కింద నిలబడి చూస్తే భయం పుట్టించింది.

ఇక మైనస్ వన్. 1945, రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులు. యుద్ధంలో ఆత్మాహుతికి వెళ్లాల్సిన పైలట్ షికిషిమా విమానం చెడిపోయిందని అబద్ధం చెప్పి ఓడో దీవిలో దిగుతాడు. ఆ రాత్రి గాడ్జిల్లా వస్తే తుపాకీ పేల్చలేక బిగుసుకుపోతాడు. అక్కడి మెకానిక్‌లలో తచిబానా అనే ఒక్కడు తప్ప అందరూ చనిపోతారు, అతనూ షికిషిమా మాత్రమే మిగులుతారు. చనిపోయినవాళ్ల కుటుంబాల ఫోటోలు తచిబానా షికిషిమా చేతిలో పెడతాడు. ఇదంతా మొదటి పావుగంటలోపే. ఆ తర్వాత సినిమా ఆగుతుంది. శిథిలాల మధ్య రేకుల గుడిసె, ఎవరి బిడ్డో తెలియని పాపను ఎత్తుకొచ్చిన నోరికో, సముద్రంలో మందుపాతరలు ఏరే ఉద్యోగం, మెల్లగా కుటుంబంలా మారిన ముగ్గురు. చాలామంది ఈ భాగం నెమ్మదిగా ఉందన్నారు. నాకైతే సినిమా ప్రాణం అక్కడే ఉంది. గుడిసె స్థానంలో ఇల్లు లేచేదాకా మనల్ని వాళ్లతో కూర్చోబెట్టారు కాబట్టే తర్వాత నగరం కూలితే మన ఇల్లు కూలినట్టయింది.

టోక్యోలోని గింజా ప్రాంతం కూలే దృశ్యాన్ని ఒక పనివాడిగా ఎన్నో సార్లు ఆపి ఆపి చూశాను. గాడ్జిల్లా రైలు పెట్టెను నోట కరుచుకుంటుంది, లోపల నోరికో కడ్డీ పట్టుకుని వేలాడుతుంది. తర్వాత వీధిలో షికిషిమా ఆమెను కలుసుకుంటాడు. అప్పుడు వెన్ను మీది పలకలు తోక వైపు నుంచి ఒక్కొక్కటే పైకి లేస్తూ నీలంగా వెలుగుతాయి. ఇక్కడే దర్శకుడు తకాషి యమజాకి గొప్పతనమంతా ఉంది. గాడ్జిల్లా నోటి నుంచి అణు కిరణం వెంటనే రాదు. ఒక్కో పలక లేచే చప్పుడు వింటూ ఎదురుచూడాలి. తర్వాత కిరణం, దూరంగా పేలుడు. అప్పటికీ అయిపోలేదు, పేలుడు గాలి మన దాకా రావడానికి మళ్లీ వ్యవధి. ఆ వ్యవధిలోనే నోరికో అతన్ని సందులోకి తోసేస్తుంది. గాలి ఊడ్చుకుపోతుంది, మళ్లీ వెనక్కి పీల్చుకుంటుంది. పుట్టగొడుగు మేఘం, నల్లటి వాన, అతని అరుపు. దూరమూ కాలమూ కొలిచి పేర్చిన దృశ్యం ఇది. హిరోషిమా, నాగసాకి జ్ఞాపకం ఉన్న దేశం మాత్రమే ఇలా పేర్చగలదనిపించింది.

ఈ జ్ఞాపకం మొదటి సినిమా నుంచీ ఉంది. 1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. దాని బూడిద జపాన్ చేపల పడవ ‘దైగో ఫుకుర్యు మారు’ మీద పడి అందులోని జాలర్లు జబ్బుపడ్డారు. ఆ ఏడాదే నవంబర్ 3న గాడ్జిల్లా విడుదలైంది. ఆ సినిమాలో ఒక తల్లి పిల్లల్ని హత్తుకుని, ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతాం అంటుంది. ఆ మాటకు సినిమా సమయం ఇచ్చింది. డెబ్బై ఏళ్ల తర్వాతా అది గుచ్చుకుంటుంది.

ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు: మైనస్ వన్ చివర్లో నోరికో బతికే ఉంది కదా, నష్టం అన్నారు, ఏది నష్టం అని. న్యాయమైన ప్రశ్న. నాక్కూడా మొదటిసారి చూసినప్పుడు ఆ ఆసుపత్రి దృశ్యం కాస్త సులువుగా తోచింది. కానీ మధ్యలో ఏం జరిగిందో చూడండి. ఆమె చనిపోయిందని కర్మ చేశారు. పాప ఏడుస్తుంది. షికిషిమా చావడానికే విమానం సిద్ధం చేయించుకుంటాడు. మనం కూడా ఆమె లేదన్న నిజంతో చాలాసేపు బతుకుతాం. తిరిగి కనిపించినప్పుడు ఆమె మెడ మీద నల్లటి మచ్చ కదులుతుంది. కథ ఆమెను వెనక్కి ఇచ్చింది, ఉచితంగా మాత్రం ఇవ్వలేదు.

దీని పక్కన ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ ముగింపు పెట్టండి. నిజానికి ఈ సినిమా నాకు చాలా నచ్చింది. దర్శకుడు మాట్ షాక్‌మన్ విలన్ గెలాక్టస్‌ను గాలి మేఘంలా చేయకుండా, రాల్ఫ్ ఇనెసన్‌కు నిజమైన సూటు తొడిగి తీశాడు. అంతరిక్ష నౌకలో అతని ముందు నలుగురూ చీమల్లా నిలబడిన దృశ్యంలో నిజమైన భయం ఉంది. ఆకలితో అలసిపోయిన దేవుడిలా మాట్లాడతాడు, పుట్టబోయే బిడ్డను అడుగుతాడు. తర్వాత న్యూయార్క్ వీధుల్లో నడుస్తుంటే పాత రాక్షస సినిమాల మీద ప్రేమ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చివర్లో బిడ్డ తల్లి సూ తన శక్తినంతా పెట్టి అతన్ని ద్వారంలోకి తోసి కుప్పకూలుతుంది. ఊపిరి ఆగిపోతుంది. నాకు నిజంగా గుండె కలుక్కుమంది. మరుక్షణం బిడ్డను ఆమె మీద పడుకోబెడితే ఆమె లేచి కూర్చుంటుంది. బిడ్డకు ఆ శక్తి ఉందని కథ ముందే సూచించింది, తర్కానికి లోటు లేదు. ఆ మరణానికి రెండు నిమిషాలైనా ఇవ్వలేదు, అదీ నా బాధ. కన్నీళ్లు వచ్చేలోపే అవసరం లేకుండా పోయింది.

మల్టీవర్స్ కథలతో వచ్చిన ఇబ్బందీ ఇదే. ఒకరు చనిపోతే ఇంకో లోకం నుంచి ఇంకొకరు వస్తారు. 2019లో ‘ఎండ్‌గేమ్’లో టోనీ స్టార్క్ చావుకు పదకొండేళ్ల సినిమాలు వెనక ఉన్నాయి. అంత్యక్రియల్లో అందరూ నిశ్శబ్దంగా నిలబడితే కెమెరా ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. అంతటి వ్యవధి తర్వాతి సినిమాల్లో చాలావాటికి దొరకలేదు. ఒక కథ ముగియకముందే తర్వాతి కథకు ప్రకటన మొదలవుతోంది. ‘ది మార్వెల్స్’ ప్రపంచవ్యాప్తంగా 206 మిలియన్ డాలర్ల దగ్గరే ఆగిపోవడానికి చాలా కారణాలు చెప్పారు. ముందు సీరియళ్లు చూసి రావాల్సిన హోంవర్క్ కూడా వాటిలో ఒకటని నేను నమ్ముతాను. అందులో నటించినవాళ్ల తప్పు నాకు కనబడలేదు.

అయినా సూపర్‌హీరో సినిమాల పని అయిపోయిందంటే ఒప్పుకోను. 2024లో ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ 1.3 బిలియన్ డాలర్లు దాటింది. వసూళ్లు పక్కన పెట్టినా, బరువున్న సినిమాలు వస్తూనే ఉన్నాయి. 2023లో జేమ్స్ గన్ తీసిన ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ మూడో భాగంలో రాకెట్ అనే జంతు పాత్ర బోనులో గడిపిన బాల్యం చూడండి. లిల్లా, టీఫ్స్, ఫ్లోర్. ఆకాశం చూస్తామని కలలు కన్న ఆ జంతువులు వెనక్కి రావు, రప్పించే ప్రయత్నమూ చేయలేదు. 2025లో ‘థండర్‌బోల్ట్స్’లో చివరి పోరాటం నాకు ఇంకా ఆశ్చర్యంగానే ఉంది. బాబ్‌లోని చీకటి నగరంలోకి వచ్చి మనుషులను రోడ్డు మీద నల్లటి నీడలుగా మార్చేస్తుంది. బాబ్ ఆ చీకటిని గుద్దేకొద్దీ అదే అతన్ని మింగుతుంది. యెలెనా, మిగతావాళ్లు వచ్చి అతన్ని గట్టిగా పట్టుకుంటారు. అంతే, అదే క్లైమాక్స్. ఆ సినిమా మొదట్లో ఫ్లోరెన్స్ ప్యూ కౌలాలంపూర్‌లోని మెర్డెకా 118 భవనం మీద నుంచి నిజంగానే కిందికి అడుగేసింది. నిజమైన శరీరం నిజమైన ఎత్తులో ఉంటే కంటికి వెంటనే తెలుస్తుంది.

2025 సూపర్‌మ్యాన్‌లో మీ రెండు ఇష్టాలూ ఒకే దృశ్యంలో కలిశాయి, గమనించారా? మెట్రోపొలిస్ మీదికి రాక్షస మృగం వస్తుంది. ఈ సినిమాకూ దర్శకుడైన జేమ్స్ గన్ ఇక్కడ కెమెరాను పోరాటం మీద కంటే రక్షణ మీద పెట్టాడు. సూపర్‌మ్యాన్‌గా చేసిన డేవిడ్ కోరెన్‌స్వెట్ మృగాన్ని ఒక చేత్తో ఆపుతూ, ఇంకోవైపు కింద ఉన్నవాళ్లను చూసుకుంటూ ఉంటాడు. మధ్యలో ఒక ఉడతను కూడా తీసుకెళ్లి పక్కన పెడతాడు. ఆ మృగాన్ని కూడా చంపకుండా ఏదైనా చేయలేమా అని చూస్తాడు. మిగతా హీరోలు వచ్చి చంపేస్తారు, అతని మొహం చిన్నబోతుంది. ఉడత సీన్ తీసేయమని ముందస్తు ప్రదర్శనల్లో కొందరు అన్నారట, గన్ ఉంచేశాడు. ఎంత మంచి పని చేశాడో! పన్నెండేళ్ల క్రితం భవనాలు లెక్కలేకుండా కూలిన నగరంలోనే ఇప్పుడు ఒక ఉడత ప్రాణానికి విలువ వచ్చింది. అలాగే విలేకరి లోయిస్ అతన్ని ఇంటర్వ్యూ చేసే దృశ్యం. ఒక గదిలో ఇద్దరు కూర్చుని వాదించుకుంటారు, అంతకంతకూ వేడెక్కుతుంది. భారీ సినిమాలో అంతసేపు మాటలకు వదలడం ధైర్యమే. సినిమాలో లోపాలు లేవని కాదు. జేబు విశ్వం (కృత్రిమంగా సృష్టించిన చిన్న లోకం), నల్లటి చీలిక వచ్చే చివరి భాగంలో గజిబిజి ఎక్కువైంది. కానీ ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది కాబట్టి దాటేశాను.

‘గాడ్జిల్లా ఎక్స్ కాంగ్: ది న్యూ ఎంపైర్’ మీకు నచ్చలేదన్నారు. దీన్ని కాస్త వెనకేసుకొస్తాను. నేను పైన చెప్పిన బరువు సూత్రాలన్నిటినీ ఈ సినిమా పక్కన పెట్టింది, నిజమే. పిరమిడ్ల దగ్గర గాడ్జిల్లా రాక్షస గొరిల్లా కాంగ్‌ను కుస్తీ పట్టుతో ఎత్తి వెనక్కి విసురుతుంది. పాతాళ లోకంలో బరువే లేకుండా గాలిలో తేలుతూ కొట్టుకుంటాయి. కానీ ఇది ఇంకో సంప్రదాయం. 1965లో తోహో (గాడ్జిల్లా సినిమాలు తీసే జపాన్ స్టూడియో) తీసిన ఒక సినిమాలో గెలిచిన సంతోషంతో గాడ్జిల్లా గంతులేస్తుంది. ఆ సరదా గాడ్జిల్లాకూ పిల్లల్లో పెద్ద అభిమానగణం ఉండేది. దర్శకుడు ఆడమ్ వింగార్డ్ ఆ వంశం నుంచి వచ్చాడు. పైగా అందులో కాంగ్ నటన చూడండి. పంటి నొప్పితో ఒంటరిగా తిరిగే ముసలి యోధుడు, తనలాంటివాళ్లు దొరికారని ఆశపడి, స్కార్ కింగ్ క్రూరత్వం చూసి, సుకో అనే పిల్లవాడిని దగ్గరకు తీసుకోవడం. ఒక్క మాట లేకుండా నిమిషాల కొద్దీ కథ నడుస్తుంది. మనుషులు మాట్లాడే సీన్లు పేలవంగా ఉన్నాయని ఒప్పుకుంటాను. కాంగ్ కళ్లు మాత్రం పేలవంగా లేవు. మైనస్ వన్ తర్వాత వెంటనే చూస్తే ఎవరికైనా దెబ్బతింటుంది. విడిగా, ఉషారుగా ఉన్న రోజు ఇంకోసారి చూడండి.

ఇంత డబ్బుండి కూడా సమయం ఎందుకు చాలడం లేదంటే, జవాబు పని పద్ధతిలో ఉంది. పెద్ద స్టూడియోల్లో ఒక సినిమా షాట్లు పలు దేశాల్లోని కంపెనీలకు పంచుతారు. విడుదల తేదీ ఎప్పుడో ప్రకటించేసి ఉంటుంది, కథ మాత్రం చివరిదాకా మారుతూనే ఉంటుంది. మూడో అంకం మారిందంటే నెలల పని చెత్తబుట్టలోకి పోతుంది, కొత్త పనికి వారాలే మిగులుతాయి. నెమ్మదిగా, ఆలోచించి పేర్చాల్సిన షాటు హడావుడిలో అందరికీ తెలిసిన పాత మూసలోకి జారిపోతుంది. 2023 సెప్టెంబర్‌లో మార్వెల్ సొంత ఎఫెక్ట్స్ ఉద్యోగులు ఏకగ్రీవంగా యూనియన్‌కు ఓటేశారంటే ఆ ఒత్తిడి ఎంతుందో అర్థం చేసుకోండి.

మైనస్ వన్‌కు షిరోగుమి కంపెనీలో 35 మంది కలిసి 610 ఎఫెక్ట్స్ షాట్లు చేశారు. బడ్జెట్ 15 మిలియన్ డాలర్లకు లోపేనని యమజాకి చెప్పాడు. రచన, దర్శకత్వం, ఎఫెక్ట్స్ పర్యవేక్షణ మూడూ అతనే. కాబట్టి షాటు చూపిస్తే అక్కడికక్కడే అవునో కాదో తేలిపోతుంది. ఏది ఎంతసేపు చూపించాలో స్క్రిప్టు రాసేటప్పుడే అతనికి తెలుసు. 2024 మార్చిలో ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది, గాడ్జిల్లా సినిమాకు మొదటిసారి. ఒక దర్శకుడు తన సినిమాకే ఈ విభాగంలో ఆస్కార్ అందుకోవడం స్టాన్లీ కూబ్రిక్ తర్వాత ఇదే. ఆ రాత్రి మా రంగంలో పనిచేసేవాళ్లం ఎంత పొంగిపోయామో చెప్పలేను. అయితే చవగ్గా తీయడమే ఆదర్శం అని దీన్ని ఎవరైనా వాడుకుంటే నాకు కోపం వస్తుంది. ఎఫెక్ట్స్ కళాకారులకు మంచి జీతాలు, నిద్రపోయే రాత్రులు కావాలి. యమజాకి నుంచి నేర్చుకోవాల్సింది ముందే నిర్ణయించుకుని, నిర్ణయం మీద నిలబడటం.

ఇప్పుడు పాపతో చూడటం గురించి. పదేళ్లంటే మైనస్ వన్‌కు కాస్త ఆగండి. రక్తం పెద్దగా లేదు కానీ ఆత్మాహుతి, తప్పు చేశానన్న బాధ, గింజా దృశ్యం ఆ వయసుకు బరువెక్కువ. గార్డియన్స్ మూడో భాగం కూడా ఇప్పుడే వద్దు, జంతువులను హింసించే సీన్లు పెద్దవాళ్లకే కష్టం. ముందు ‘స్పైడర్‌మ్యాన్: ఇంటు ది స్పైడర్‌వర్స్’ (2018) పెట్టండి. అందులో మైల్స్‌ను మొదట్లో సెకనుకు 12 బొమ్మలతోనే కదిలించారు, పక్కన పీటర్‌కు 24. అందుకే అడవిలో ఇద్దరూ ఊగుతూ వెళ్తుంటే మైల్స్ తడబడుతున్నట్టు కనిపిస్తాడు. చూశాక పాపకు ఆ సంగతి చెప్పండి, వెనక్కి తిప్పి మళ్లీ చూస్తుంది. దాని రెండో భాగం (2023) ఇంకా అందంగా ఉంటుంది కానీ కథ సగంలో ఆగుతుంది, ముందే చెప్పి కూర్చోబెట్టండి. తర్వాత న్యూ ఎంపైర్. ఆ తర్వాత సూపర్‌మ్యాన్, అయితే అందులో విలన్ లెక్స్ ఒక అమాయకుణ్ణి తుపాకీతో కాల్చే సీన్ ఉంది, ఆ సమయంలో మీరు పక్కన ఉండాలి. ఫెంటాస్టిక్ ఫోర్ ఆమెకు తేలిగ్గానే ఎక్కుతుంది.

మీకోసం మాత్రం వేరే వరుస. 1954 గాడ్జిల్లా జపనీస్ మాటలతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. తర్వాత ‘షిన్ గాడ్జిల్లా’ (2016), మీటింగుల్లో మునిగిపోయిన ప్రభుత్వాన్ని చూపించే సినిమా. 2011 భూకంపం, ఫుకుషిమా ప్రమాదం గుర్తుంచుకుని చూస్తే ప్రతి మీటింగూ గుబులు పుట్టిస్తుంది. ఆ రెండూ అయ్యాక మైనస్ వన్‌ను ఈసారి ‘మైనస్ కలర్’ పేరుతో వచ్చిన నలుపు తెలుపు రూపంలో పెట్టండి. గదిలో లైట్లు తీసేసి, సౌండ్ కాస్త పెంచుకోండి. చెక్క పడవ వెనక నీళ్లను చీల్చుకుంటూ గాడ్జిల్లా తల వచ్చే చోట నీటి తుంపరను ప్రత్యేకంగా గమనించండి, ఆ తుంపర ఎంత సన్నగా ఉందో చూస్తే ఆ తల సైజు మీకే తెలిసిపోతుంది. చూశాక ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి, మిగతా షాట్ల గురించి కూడా మాట్లాడుకుందాం.